‘రిలవెంట్ ఎంత?’

విశాఖ రుషికొండ ఐటీ హిల్స్‌లో ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లకి ఒక ప్రశ్న కొట్టినపిండి. “టోటల్ ఎక్స్‌పీరియన్స్ సరేనండీ, రిలవెంట్ ఎంత?” మెయిన్‌ఫ్రేమ్ మీద ఏళ్లతరబడి పనిచేసి, డేటా ఇంజినీరింగ్‌కి మారిన నాలాంటివాళ్లకి అది గట్టిగానే తగులుతుంది. పాత సర్వీసు పక్కనపెట్టి కొత్తదే లెక్కేస్తారు. జీతం, హోదా దాన్నిబట్టే. కాబట్టి మారడానికి జంకేవాళ్లని నేను తప్పుపట్టను.

అయినా మారమనే చెబుతాను.

మెయిన్‌ఫ్రేమ్‌లో బ్యాంకు లెక్కల బ్యాచ్ జాబులు రాత్రిపూట నడుస్తాయి. నడుస్తున్న జాబు ‘సాక్ సెవెన్’ అని ఆగిపోయిందంటే, అంకె ఉండాల్సినచోట ఖాళీయో అక్షరమో దూరిందన్నమాట. లక్షల రికార్డుల్లో దాన్ని పట్టుకోవాలి, ఏ ఫైలు మోసుకొచ్చిందో ఆరా తీయాలి, ఆగిన దగ్గర్నుంచి మళ్లీ నడపాలి. ఒకసారి జమైన ఖాతాలో రెండోసారి జమ పడకూడదు. ఇప్పుడు డేటా ఇంజినీరింగ్‌లో నేను చూసే స్పార్క్ పైప్‌లైన్లలోనూ అదే చెత్త వస్తుంది. కాకపోతే సెట్టింగులు కట్టుదిట్టంగా లేకపోతే జాబు ఆగదు. తప్పుడు అంకె ‘నల్’గా, అంటే ఖాళీగా మారి చడీచప్పుడు లేకుండా రిపోర్టులోకి వెళ్లిపోతుంది. అది మరీ ప్రమాదం. ఫైలు చివరి ట్రైలర్ రికార్డుతో మొత్తాలు సరిచూసే పాత అలవాటే ఇక్కడ నన్ను కాపాడుతోంది. ఆ అలవాటు ఏ కోర్సులోనూ దొరకదు.

సత్య నాదెళ్ల సంగతే చూడండి. మణిపాల్‌లో చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, వ్యాపార సాఫ్ట్‌వేర్ చూశారు, తర్వాత బింగ్ సెర్చ్ ఇంజినీరింగ్‌కి వెళ్లారు. 2011లో సర్వర్ల విభాగం చేపట్టాక, వేలాది యంత్రాలను ఒక్కటిగా నడిపే బింగ్ అనుభవం క్లౌడ్‌కి పనికొచ్చింది. 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యారు. విభాగం మారిన ప్రతిసారీ వెనకటి పనిలోంచి ఏదో ఒకటి వెంట వచ్చింది.

వెంట ఏదీ రాని మార్పు మాత్రం నష్టమే. గూగుల్ మన విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో ప్రకటించాక, “ఏ కోర్సు చేయమంటారన్నా?” అని అడిగే తమ్ముళ్లు ఎక్కువయ్యారు. నిరుడు టెస్టింగ్, ఈ ఏడు క్లౌడ్, వచ్చే ఏడు ఏఐ అని తిరిగితే దేనిలోనూ రాత్రి ఒంటిగంటకి ఫోన్ చేసి అడగదగ్గ మనిషి కాలేరు. ఒక పనిలో మూడు నాలుగేళ్లు కూర్చోండి. ప్రొడక్షన్‌లో సమస్య వచ్చినప్పుడు మీ చేత్తో సరిచేయండి.

ఆ తర్వాత మారండి. ముందు మీ కంపెనీలోనే పక్క టీమ్ మేనేజర్‌ని అడిగి చూడండి. మీ పనితనం తెలిసినవాళ్లు ‘రిలవెంట్ ఎంత’ అని అడగరు, జీతమూ తగ్గదు. అక్కడ కుదరకపోతేనే బయటికి చూడండి.