భాస్వరం కోసం ట్యునీషియాకు

ఉత్తర ఆఫ్రికాలో అల్జీరియా, లిబియాల నడుమ మధ్యధరా సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న దేశం ట్యునీషియా. జనాభా సుమారు కోటీ ఇరవై లక్షలు. ఆ దేశపు నైరుతి భాగంలోని గఫ్సా ప్రాంతంలో 1885లో రాక్ ఫాస్ఫేట్ నిక్షేపాలు బయటపడ్డాయి. భాస్వరం ఎరువులకు మూలం ఈ రాయే. నడిగూడెం, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో సాగర్ ఎడమ కాలువ కింద వరి పొలాలకు వేసే 50 కిలోల డీఏపీ బస్తాలో 23 కిలోల భాస్వరం పోషకం ఉంటుంది. మన దేశంలో ఈ రాయి నిల్వలు తక్కువ కాబట్టి రాయినో, దానితో తయారైన ఆమ్లాన్నో, ఎరువునో బయటినుంచి తెచ్చుకోక తప్పదు.

ఈ అవసరమే సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే కోరమాండల్ ఇంటర్నేషనల్‌ను ట్యునీషియాకు నడిపించింది. విశాఖపట్నం, కాకినాడల్లో కర్మాగారాలున్న ఈ కంపెనీ ఎరువులు రైతులకు ‘గ్రోమోర్’ పేరుతో పరిచయం. గఫ్సా రేవుపట్టణం కాదు. అందుకే సముద్రతీరాన ఉన్న స్ఖిరాలో ‘టిఫెర్ట్’ అనే ఉమ్మడి కంపెనీ వెలిసింది. ఏర్పాటు నాటికి ఇందులో ట్యునీషియా ప్రభుత్వరంగ సంస్థలు రెండింటికి 70 శాతం, కోరమాండల్‌కు 15 శాతం, గుజరాత్ స్టేట్ ఫెర్టిలైజర్స్‌కు 15 శాతం వాటా. ఏటా 3,60,000 టన్నుల ఫాస్ఫారిక్ ఆమ్లం తయారీ లక్ష్యంగా 2013లో ఉత్పత్తి మొదలైంది.

లెక్క సూటిగానే ఉంది. టన్ను ఆమ్లానికి మూడు టన్నులకు పైగా రాయి కావాలి. గనులున్న దేశంలోనే ఆమ్లం తీస్తే ఓడ కిరాయి కలిసివస్తుంది. ఆ దేశానికి పరిశ్రమ, ఉద్యోగాలు దక్కుతాయి. ఇక్కడి కర్మాగారానికి ముడిసరుకు భరోసా దొరుకుతుంది.

అయితే కర్మాగారం సిద్ధమయ్యేలోపే పరిస్థితి మారిపోయింది. 2010లో దాదాపు 80 లక్షల టన్నుల రాయి తవ్విన గఫ్సాలో, 2011 విప్లవం తరువాత ఉత్పత్తి సగానికన్నా తగ్గింది. ఉద్యోగాల కోసం నిరుద్యోగ యువకులు రాయిని తరలించే రైలు పట్టాలపై బైఠాయించారు. 2008లోనే అక్కడి గని ఊళ్లలో ఇదే కోరికతో పెద్ద ఉద్యమం నడిచింది. సంపద తరలిపోయి, దుమ్మూ నీటి ఎద్దడీ మిగిలిన ఊళ్ల ఆక్రోశం అది. రాయి సరిగా అందక టిఫెర్ట్ పూర్తి సామర్థ్యంతో నడవలేకపోయింది. ఆమ్లంతో పాటు గుట్టలుగా మిగిలే జిప్సం వ్యర్థం మరో సమస్య. ఆ దేశంలోనే గాబెస్ తీరంలో వేరే కర్మాగారాల నుంచి ఇలాంటి వ్యర్థాన్నే ఏళ్ల తరబడి సముద్రంలోకి వదలడంతో చేపలవేట దెబ్బతిని, ప్రజలు వీధుల్లోకి వచ్చారు.

ఎరువులకు అవతల కూడా అక్కడ పెట్టుబడికి అవకాశాలున్నాయి. ఆలివ్ నూనె ఉత్పత్తిలో ట్యునీషియా ప్రపంచంలోని ముఖ్య దేశాల్లో ఒకటి. అందులో ఎక్కువ భాగం సీసాల్లో నింపకుండానే విడిగా ఎగుమతి అవుతుంది కనుక శుద్ధి, ప్యాకింగ్ పరిశ్రమలకు చోటుంది. 1995లో ఐరోపా సమాఖ్యతో కుదిరిన ఒప్పందం వల్ల అక్కడ తయారైన వస్త్రాలు, కార్ల వైరింగ్ సుంకం లేకుండా ఐరోపాకు చేరతాయి. 2016 నాటి పెట్టుబడుల చట్టం లాభాలను స్వదేశానికి తీసుకుపోవడానికి వీలిస్తుంది. సాగుభూమిని మాత్రం విదేశీయులు కొనరాదు, కౌలుకు తీసుకోవచ్చు.

పెట్టుబడి పెట్టేవారు చట్టాలతో పాటు గని ఊరి ఉపాధినీ, రైలుమార్గాన్నీ, తాగునీటినీ లెక్కలోకి తీసుకోవాలి. ఒక్క దేశాన్నే నమ్ముకోకూడదు కూడా. కోరమాండల్ 2022లో పశ్చిమ ఆఫ్రికాలోని సెనెగల్‌లో ఒక రాక్ ఫాస్ఫేట్ గనుల కంపెనీలో వాటా కొన్నది. స్థానికుల బతుకు నిలబడినచోటే అలాంటి పెట్టుబడి కూడా నిలబడుతుంది.