శత్రువు పక్కన ఎగిరినవాడు



యుద్ధ విమానాల సంగతి సంఘ పత్రికలో ఎందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. యుద్ధాన్ని పొగడాలని గాని, మనుషులను చంపడంలో ఆరితేరినవారిని మన పిల్లలకు వీరులుగా చూపాలని గాని మా ఉద్దేశం కాదు. అయితే ప్రపంచ యుద్ధాలలో జర్మను పైలట్లు ఆకాశంలో ఎలా పోరాడేవారో కొంత తెలుసుకుంటేనే, వారిలో ఒకడు 1943 డిసెంబరు 20న చేసిన పని ఎంత ఆశ్చర్యమైనదో అర్థమవుతుంది. ఆ పని మన ఇళ్లకూ మన సంఘాలకూ ఒక మాట చెబుతున్నది. అందుకే దానిని ఈ నెల మీ ముందుంచుతున్నాము.

ఆకాశ యుద్ధానికి ఎనిమిది సూత్రాలు

మొదటి ప్రపంచ యుద్ధం నాటికి విమానం ఇంకా కొత్త వస్తువే. గాలిలో ఎలా పోరాడాలో ఎవరికీ సరిగా తెలియదు. చాలామంది పైలట్లు తోచినట్టు పోరాడి, తోచినట్టే చనిపోయేవారు. 1916లో ఆస్వాల్డ్ బోల్కె అనే పాతికేళ్ల జర్మను పైలట్ తన అనుభవమంతా కూర్చి, చిన్నవారికి బోధించడానికి ఎనిమిది సూత్రాలు వ్రాశాడు.

అవి మాటలకు చాలా తేలిక. దాడికి ముందే అనుకూలమైన స్థానం సంపాదించాలి. సూర్యుడు వెనుక ఉండేలా చూసుకోవాలి. మొదలుపెట్టిన దాడిని మధ్యలో వదలకూడదు. బాగా దగ్గరకు వెళ్లాకనే కాల్చాలి. శత్రువు మీదనుంచి కన్ను తీయకూడదు. వీలైనంతవరకు వెనుకనుంచే కొట్టాలి. శత్రువు మీదకు దూకితే పారిపోక, ఎదురు తిరగాలి. శత్రువు నేల మీద ఎగిరేటప్పుడు తిరిగివచ్చే దారి మరువకూడదు. ఒంటరిగా గాక నలుగురు, ఆరుగురు కలిసి దాడి చేయాలి.

పెరట్లో కోడిపిల్లలను పెంచే మన తల్లులకు ఇందులో సగం సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. గద్ద ఎదురుగా నడిచి రాదు. పైనుంచి, మనం చూడని వైపునుంచి ఒక్కసారిగా దిగుతుంది. ఆ పద్ధతినే బోల్కె మనుషులకు నేర్పాడు.

నలభై విమానాలు కూల్చిన ఆ బోల్కె, 1916 అక్టోబరు 28న శత్రువు గుండుకు గాక, తన జట్టులోని విమానమే తగిలి నేలకూలాడు. బ్రిటిషువారు తమ శత్రువైన ఆయనకు విమానం నుండి పూలచక్రం జారవిడిచి గౌరవం చూపారు. అంతకు ముందు ఏడాది ఆయన ఫ్రాన్సులో ఒక కాలువలో మునిగిపోతున్న ఫ్రెంచి బాలుణ్ణి చూసి, బట్టలతోనే నీళ్లలోకి దూకి బయటకు తీశాడు. గాలిలో కూల్చిన చేతులే నీళ్లలో మరొకరి బిడ్డను పైకెత్తాయి. మనిషి హృదయంలో ఈ రెండూ ఒకేచోట ఉండటం మనల్ని ఆలోచింపజేస్తుంది.

ఒకరికి ఒకరు కాపు

సుమారు ఇరవై ఏళ్ల తరువాత స్పెయిన్ దేశంలో అంతర్యుద్ధం జరుగుతుండగా వెర్నర్ మోల్డర్స్ అనే మరో యువ పైలట్ 1938లో అక్కడికి వెళ్లాడు. అప్పటికి చాలా దేశాల యుద్ధ విమానాలు మూడేసి చొప్పున, దగ్గర దగ్గరగా ఎగిరేవి. ముందు నాయకుడు, ఆయనకు రెండు పక్కలా ఇద్దరు. చూడటానికి ముచ్చటగా ఉండేది. కాని పక్కవారిద్దరి కళ్లూ నాయకుని రెక్కకు తమ రెక్క తగులుతుందేమో అన్న దాని మీదనే ఉండేవి. వెనుకనుంచి వచ్చే శత్రువును చూసేవారే లేరు.

మోల్డర్స్, ఆయన తోటివారు ఈ పద్ధతి మార్చారు. మూడుకు బదులు రెండు. ఈ జతను జర్మను భాషలో 'రొటె' అన్నారు. ముందున్నవాడు దాడి చేస్తాడు. రెండవవాడు కొంత దూరంగా, పక్కగా ఎగురుతూ మొదటివాని వీపు కాస్తాడు. రెండవవాని పని పేరు తెచ్చుకోవడం కాదు, తన జతగాణ్ణి క్షేమంగా ఇంటికి చేర్చడం. ఇలాంటి రెండు జతలు కలిస్తే నాలుగు విమానాల గుంపు. మన చేయి చాపి చూసుకుంటే నాలుగు వేళ్ల కొసలు ఎలా ఉంటాయో, ఆ విమానాలు అలా ఎగిరేవి. మధ్యలో ఖాళీ ఉండటం వల్ల ఎవరి కళ్లు వారి దగ్గర ఉండేవి, నలుగురూ నాలుగు దిక్కులూ చూసేవారు.

1940లో ఇంగ్లండు మీద జరిగిన ఆకాశ యుద్ధంలో బ్రిటిషువారు మూడేసి విమానాల పాత పద్ధతి వల్ల చాలా నష్టపోయారు. 1941లో వారు కూడా నాలుగు వేళ్ల పద్ధతిలోకి మారారు. తరువాత అమెరికావారూ అదే అనుసరించారు. ఒకరి నొకరు చంపుకుంటున్నవారు సైతం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న పాఠం ఇది: ఒంటరివాడు నిలువడు. ప్రసంగి గ్రంథం నాలుగవ అధ్యాయంలో ఇద్దరు కలిసి ఉండటంలోని మేలు గురించి మనం చదివినదే ఇక్కడ ఆకాశంలో రుజువైంది.

ఎదురుగా దూసుకుపోవడం

1942 నుండి అమెరికా పెద్ద బాంబర్లు యూరప్ మీదకు రాసాగాయి. బి-17 అనే బాంబరులో పదిమంది మనుషులు, చుట్టూ మెషిన్‌గన్‌లు ఉండేవి. వెనుకనుంచి వెళ్లిన జర్మను విమానం ఆ తూటాల వానలో చిక్కుకునేది. బాంబరుకు ముందువైపు మాత్రం తుపాకుల బలం తక్కువని జర్మనులు గ్రహించారు. ఎగాన్ మాయర్ అనే పైలట్ 1942 నవంబరులో ఎదురునుంచే దాడి చేసి చూపాడు. రెండు విమానాలూ ఒకదానివైపు ఒకటి దూసుకుపోతుంటే గురిపెట్టి కాల్చడానికి దొరికేది కొద్ది క్షణాలే. ఏమాత్రం ఆలస్యమైనా రెండూ ఢీకొని బూడిదే.

అమెరికా బాంబరు మనుషులకు ఆ రోజుల్లో 25 దాడులు పూర్తిచేస్తే ఇంటికి వెళ్లవచ్చన్న ఆశ ఉండేది. జర్మను పైలట్లకు అలాంటి లెక్క లేదు. చనిపోయేవరకో, గాయపడి పనికి రాకుండా పోయేవరకో ఎగరవలసిందే. అందుకే వారిలో కొందరి లెక్కలు నమ్మశక్యం కానంత పెద్దవి. ఎరిక్ హార్ట్‌మన్ అనే ఆయన పేర 352 విమానాలు వ్రాసి ఉన్నాయి. అందులో ప్రతి అంకె వెనుకా ఏదో ఒక తల్లి కడుపుకోత ఉండవచ్చునని మరువకూడదు. ఈ నేర్పంతా అరవై లక్షలమంది యూదులను చంపించిన ప్రభుత్వానికి ఊడిగం చేసిందన్న సంగతి కూడా మరువకూడదు. నేర్పు గొప్పదైనంత మాత్రాన అది సేవించే యజమాని మంచివాడు కానేరడు.

ఆ డిసెంబరు రోజు

ఇప్పుడు ఆ డిసెంబరు రోజుకు వద్దాము. క్రిస్మసుకు ఇంకా అయిదు రోజులు. చార్లీ బ్రౌన్ అనే 21 ఏళ్ల అమెరికా యువకుడు తన బి-17తో ఇంగ్లండు నుండి బయలుదేరి, జర్మనీలోని బ్రెమెన్ పట్టణంలో ఉన్న విమానాల కర్మాగారం మీద బాంబులు వేయబోయాడు. నాయకునిగా తన జట్టుతో ఆయన వెళ్లిన మొదటి దాడి అదే. విమాన విధ్వంసక ఫిరంగుల దెబ్బకు ముందు అద్దం పగిలింది. ఒక ఇంజను ఆగిపోయింది, మరొకటి దెబ్బతిన్నది. గుంపునుంచి వెనుకబడిన ఆ విమానాన్ని జర్మను యుద్ధ విమానాలు చుట్టుముట్టాయి. తోక దగ్గర ఉన్న సైనికుడు మరణించాడు. చాలామంది గాయపడ్డారు. చలికి తుపాకులు గడ్డకట్టి చాలావరకు పేలలేదు. ప్రాణవాయువు కరువై బ్రౌన్ స్పృహ తప్పగా విమానం గిరగిరా తిరుగుతూ కిందకు జారిపోయింది. నేలకు దగ్గరగా వచ్చాక ఆయనకు తెలివి వచ్చి ఎలాగో దానిని నిలబెట్టాడు.

అలా కుంటుకుంటూ పోతున్న ఆ విమానం ఒక జర్మను స్థావరం మీదుగా వెళ్లింది. కింద ఫ్రాంజ్ స్టిగ్లర్ అనే 28 ఏళ్ల పైలట్ తన మెసర్‌ష్మిట్ విమానానికి పెట్రోలు, తూటాలు నింపించుకుంటున్నాడు. ఆయన భక్తిగల కతోలిక కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఒక్కగానొక్క సహోదరుడు 1940లో ఇదే యుద్ధంలో చనిపోయాడు. మరొక్క బాంబరును కూలిస్తే నైట్స్ క్రాస్ అనే గొప్ప పతకం ఆయనకు దక్కేది. వెంటనే పైకి లేచాడు.

బోల్కె చెప్పినట్టే వెనుకనుంచి వచ్చాడు, దగ్గరకు వచ్చాడు, వేలు మీట మీద పెట్టాడు. కాని అవతలినుంచి ఒక్క తూటా కూడా రాలేదు. తోక దగ్గరి సైనికుడు తుపాకీ మీద ఒరిగిపోయి ఉన్నాడు. విమానం గోడలకు పడిన పెద్ద కంతలలోనుంచి, గాయపడినవారిని తోటివారు కాపాడుకుంటూ ఉండటం స్టిగ్లర్‌కు కనబడింది. అప్పుడు ఆయనకు తన పాత అధికారి గుస్తావ్ రోడెల్ ఆఫ్రికా యుద్ధరంగంలో చేసిన హెచ్చరిక జ్ఞాపకం వచ్చింది. పారాచూట్‌లో దిగుతున్న మనిషిని నీవు కాల్చావని వింటే నేనే నిన్ను కాల్చి పడేస్తానని ఆ అధికారి అన్నాడు. ఈ మనుషులూ పారాచూట్‌లో వేలాడుతున్నవారితో సమానమేనని స్టిగ్లర్‌కు తోచింది.

ఆయన కాల్చలేదు. ఇంకా ముందుకు వెళ్లి, బాంబరు రెక్క పక్కనే, ఒక జతగాడు ఎగిరినట్టు ఎగిరాడు. జర్మనీలో దిగి లొంగిపొమ్మనీ, లేదా యుద్ధంలో లేని స్వీడన్ దేశానికి వెళ్లమనీ సైగలు చేశాడు. బ్రౌన్‌కు అర్థం కాలేదు, వణుకు మాత్రం పుట్టింది. సముద్ర తీరాన జర్మను ఫిరంగులు ఉన్నాయి. పక్కన తమ విమానం కనబడితే అవి కాల్చవన్న ఉద్దేశంతో స్టిగ్లర్ ఆ తీరం దాటేవరకు వారితోనే ఉన్నాడు. బ్రౌన్ తన పై తుపాకీ మనిషికి ఆ జర్మను వైపు గురిపెట్టమన్నాడు, కాల్చమనలేదు. సముద్రం మీదకు కొంత దూరం వచ్చాక స్టిగ్లర్ చేయెత్తి వందనం చేసి వెనుదిరిగాడు. ఆ బాంబరు సుమారు 400 కిలోమీటర్లు సముద్రం దాటి ఇంగ్లండు చేరింది. పదిమందిలో తొమ్మిదిమంది ప్రాణాలతో దిగారు.

నలభై ఆరేళ్ల మౌనం

ఈ సంగతి బయట చెప్పవద్దని అధికారులు బ్రౌన్‌ను ఆదేశించారు. శత్రువులో మంచివాడున్నాడని తెలిస్తే సైనికుల చేయి తడబడుతుందని వారి భయం. స్టిగ్లర్ కూడా నోరు విప్పలేదు. తెలిస్తే ఆయనకు మరణశిక్షే. ఆయన ఆ తరువాత కూడా యుద్ధం ముగిసేవరకు ఎగిరాడు. 1953లో కెనడాకు వలస వెళ్లాడు.

వయసు మళ్లిన బ్రౌన్‌కు మాత్రం ఆ ముఖం మనసులోనుంచి పోలేదు. 1980ల చివర ఆయన వెదకడం మొదలుపెట్టాడు. మాజీ జర్మను పైలట్లు చదివే పత్రికలో ప్రకటన వేయించాడు. 1990 జనవరిలో కెనడా నుంచి ఉత్తరం వచ్చింది. వ్రాసినది స్టిగ్లరే. ఆ ఏడాదే ఇద్దరూ కలుసుకుని కౌగిలించుకుని ఏడ్చారు. తరువాత స్టిగ్లర్ బ్రౌన్‌కు ఒక పుస్తకం ఇచ్చి, అందులో తాను పోగొట్టుకున్న సహోదరుడు తనకెంత విలువైనవాడో చార్లీ కూడా అంతే విలువైనవాడని వ్రాశాడు. సహోదరుణ్ణి పోగొట్టుకున్నవానికి శత్రువుల పక్షంలోనే మరొక సహోదరుడు దొరికాడు. 2008లో కొన్ని నెలల తేడాతో ఇద్దరూ కన్నుమూశారు.

మన ఇంటికి ఈ మాట

ఏన్గెదీ గుహలో సౌలు దావీదు చేతికి చిక్కాడు. ఇదే సమయమని దావీదు మనుషులు తొందరపెట్టారు. దావీదు రాజు వస్త్రపు అంచు మాత్రం కోసి, ప్రాణం జోలికి పోలేదు (1 సమూయేలు 24). చేతికి చిక్కిన శత్రువును వదిలిపెట్టడం బలహీనత కాదని, అంతకంటె బలమైన పని మరొకటి లేదని వాక్యం మనకు చూపుతున్నది.

మనం యుద్ధ విమానాలు నడపము. కాని మనకూ వ్యూహాలు తెలుసు. గట్టు తగాదాలో అవతలివాడు ఎప్పుడు ఒంటరిగా దొరుకుతాడో, పంచాయతీలో వాని నోరు ఎలా మూయించాలో, ఏ మాట అంటే వానికి ఎక్కువ నొప్పి తగులుతుందో మనకు బాగా తెలుసు. ఒకే గుడిలో, ఒకే ప్రభువు బల్ల దగ్గర మోకరిస్తూ, ఏళ్ల తరబడి పలకరించుకోని అన్నదమ్ములు మన సంఘాలలో లేరా? తమ్ముడెక్కడ అని దేవుడు అడిగితే, వాణ్ణి కాయడం నా పనా అన్నట్టు కయీను జవాబిచ్చాడు. ఆ జవాబు మన నోట కూడా ఎన్నిసార్లు వచ్చి ఉంటుందో!

జర్మను పైలట్లు నేర్చుకున్న మేలైన పాఠం, పక్కనున్నవాని వీపు కాయడం. స్టిగ్లర్ చేసిందల్లా ఒక్కటే. ఒక్క పూట ఆ పాఠాన్ని తనవాళ్లకు గాక శత్రువుకు వర్తింపజేశాడు. యుద్ధం ఆగలేదు. కాని తొమ్మిది ఇళ్లలో దీపం ఆరలేదు. మనతో తగాదాలో ఉన్నవాడు దెబ్బతిని కుంటుతున్న రోజు ఒకటి వస్తుంది. పంట పోయిన రోజు కావచ్చు, ఆసుపత్రిలో ఉన్న రోజు కావచ్చు. ఆ రోజు వానిపైన గురిపెడతామా, వాని పక్కన నిలబడి తీరం దాటిస్తామా?

బ్రౌన్ వెదికాడు గనుక ఉత్తరం దొరికింది. ఈ నెలలో మీరు కూడా ఒక గుమ్మం ఎక్కండి, లేదా ఒక ఉత్తరం వ్రాయండి. మొదట మీరే వెళ్లండి. శత్రువులమై ఉన్న మన కొరకు తన ప్రాణం పెట్టిన ప్రభువు మీకు ఆ ధైర్యం దయచేయును గాక. ఆమేన్.