చెక్కు ఇస్తే తిరిగొచ్చినట్టేనా?

లొంగిపోయిన మావోయిస్టు తలపై ఉన్న రివార్డు సొమ్మును వారికే ఇవ్వడం తెలుగు రాష్ట్రాల్లో ఏళ్లుగా ఉన్న పద్ధతి. చెక్కు చేతిలో పడగానే పునరావాసం అయిపోయిందనుకుంటాం. ఆదివాసీ స్త్రీ విషయంలో ఈ లెక్క తప్పుతుంది. బడి ఈడులో దళంలో కలిసిన పిల్ల ఏళ్ల తర్వాత బయటికొస్తే, చదువు కాగితం ఉండదు, పుట్టింటి పోడులో పేరూ ఉండదు. డెల్టా ఊళ్లో ఆడపిల్లకు పిత్రార్జితంలో వాటా అడిగే హక్కు 1985 నుంచీ చట్టంలో ఉంది. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు కాబట్టి కోయ పిల్లకు ఆ ఆసరా కూడా లేదు. పైగా అడవిలో ఎలా బతికిందోనని ఊరు ఆరా తీసేది ఎక్కువగా ఆడవాళ్లనే.

ఇది ఇప్పటి సమస్య కాదు. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించాక, అందులో పనిచేసిన స్త్రీలలో చాలామంది మళ్లీ వంటింటికే చేరారు. స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేదాకా వాళ్ల గోడు విన్నవారు తక్కువ. నేపాల్లో ఐక్యరాజ్యసమితి నిర్ధారించిన 19,602 మంది మావోయిస్టు యోధుల్లో 3,846 మంది స్త్రీలు. 2012లో అక్కడా ఎక్కువమందిని నగదు ఇచ్చే పంపించారు.

‘సీతక్క మంత్రి కాలేదా?’ అని అడగవచ్చు. ములుగు ప్రాంతపు కోయ కుటుంబంలో పుట్టిన సీతక్క (అసలు పేరు ధనసరి అనసూయ) చిన్ననాడే దళంలో చేరి, 1990లలో క్షమాభిక్షతో బయటికొచ్చి, లా చదివి, 2009లో ఎమ్మెల్యే అయ్యారు. గొత్తికోయల వెలివేతపై పరిశోధించి 2022లో ఉస్మానియా డాక్టరేట్ పొందారు. 2023 డిసెంబరులో మంత్రి అయ్యారు. అందరూ సీతక్కలు కాలేరు, నిజమే. అయితే ఆమెను నిలబెట్టినవాటిలో క్షమాభిక్ష, చదువు ముఖ్యమైనవి. ఆ రెండూ ప్రభుత్వం ఎందరికైనా ఇవ్వగలిగినవే.

బాధితులను వదిలి తుపాకీ పట్టినవారికి మేలు చేయడమేమిటన్న ప్రశ్నలో న్యాయముంది. బాధితులకు ముందు పరిహారం అందాల్సిందే. కానీ దళం వదిలి వచ్చిన ఆదివాసీ స్త్రీకి దారి మూసినంత మాత్రాన వాళ్లకు ఒరిగేదేమీ లేదు. అడవిలో మిగిలినవారికి మాత్రం బయటికి రావడం దండగన్న కబురు అందుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం దంపతులిద్దరి పేరా పట్టా ఇమ్మంటోంది. ఆ పట్టాలో ఆమె పేరు ఎక్కించడం, ఆగిన చదువు సాగించడం, పాత కేసులు తేల్చడం చెక్కు కన్నా కష్టమైన పనులు. ఎందరు లొంగిపోయారని కాదు, మూడేళ్ల తర్వాత ఎందరు ఊళ్లో నిలబడ్డారని లెక్క తీయాలి.