లడ్డుగారి చెట్టు

"పిల్లికి చెట్టేమిట్రా, చోద్యం కాకపోతే!" అంది మా అమ్మ ఫోనులో.

నిజమే. కోనసీమలో మా పెంకుటింటి పిల్లికి ఎవరూ ఏమీ కట్టించలేదు. పెరట్లో జామచెట్టు, వంటింటి మీద అటక ఉండేవి. అది ఎక్కినంత ఎక్కేది, దిగాలనిపిస్తే దిగేది. కానీ దోహాకు ఉత్తరంగా నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన, రువైస్ రేవు పక్కన ఉన్న మా మదీనత్ అల్ షమాల్ సంగతి వేరు. రెండు గదుల ఫ్లాటు. జామచెట్టూ లేదు, అటకా లేదు.

కిందటి వేసవిలో కారు నీడన వగరుస్తున్న పిల్లికూనను మా అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. లడ్డు అని పేరు పెట్టింది. ఆరు నెలలు తిరిగేసరికి లడ్డుగారు ఇంటి యజమాని సోఫా చెయ్యిని పీచుపీచు చేశారు. ఆయన వచ్చి చూసి, నెలాఖరులోగా పిల్లిని పంపించెయ్యండి, లేదా సోఫా ఖరీదు కట్టండి అన్నాడు. ఆ రాత్రి మా అమ్మాయి అన్నం ముట్టలేదు.

కసిరాం, నీళ్ళు చిలకరించాం. మేం లేనప్పుడు గీకడం నేర్చుకుంది, అంతే. చివరికి ఒక పశువైద్యుణ్ణి అడిగితే నవ్వి, "గీకకుండా అది ఉండలేదండీ" అన్నాడు. గీకితే గోళ్ళ మీది పాత పొర ఊడుతుందట, ఒళ్ళు సాగుతుందట, పాదాల్లోని గ్రంథుల వాసన అంటి 'ఇది నా చోటు' అని గుర్తు పడుతుందట. మాన్పించడం కాదు, వేరే చోటు చూపించాలన్నమాట. పైగా పిల్లికి ఎత్తు మీద కూర్చుంటేనే నిశ్చింత.

మా వీధిలో జగిత్యాల వడ్రంగి ఒకతను ఉన్నాడు. విషయం చెబితే, "పిల్లికి చెట్టా సార్? చేద్దాం తియ్యి, మా బిడ్డకు ఫోటో పంపుత" అన్నాడు. బిడ్డను చూసి రెండేళ్ళయిందట.

ఒక శుక్రవారం పని మొదలుపెట్టాం. అడుగున ప్లైవుడ్ పలక, దాని మీద నాలుగంగుళాల పీవీసీ గొట్టం, మధ్యలో ఒక అర, పైన ఒక అర. మొత్తం అయిదడుగులు. గొట్టానికి చుట్టడానికి అమ్మ పంపిన కొబ్బరితాడు ఉంది. మూడడుగుల మేర దగ్గరదగ్గరగా చుట్టేసరికి నలభై మీటర్లు పట్టింది. కొసలు మరలతో బిగించాం.

సాయంత్రం లడ్డు పై అరకు ఎగిరింది. చెట్టు పిల్లితో సహా నేల కూలింది! పిల్లి కాళ్ళ మీదే పడింది గానీ, రెండు రోజులు మంచం కింద నుంచి రాలేదు. మా అమ్మాయి నాతో మాట్లాడలేదు. తప్పు నాదే. అడుగు పలక అడుగున్నర మాత్రమే పెట్టించాను. గోడకు బిగిద్దామంటే మేకు కొట్టకూడదని యజమాని షరతు. వడ్రంగే ఉపాయం చెప్పాడు: "బరువు కిందుండాలె సార్. ఇసుకకేం కరువు ఈడ?" పలకను రెండున్నర అడుగులకు పెంచి, గొట్టం సగం దాకా ఇసుక పోసి, ఊపి చూశాం. కదల్లేదు.

అయినా వారం రోజులు లడ్డు దాని మొహం చూడలేదు. పడకగది మూల పెట్టడం రెండో పొరపాటు. గీకే సోఫా పక్కనే, కిటికీ దగ్గరికి జరిపాం. మర్నాడు పొద్దున తాడు మీద బరబరా చప్పుడు! యజమానికి సోఫా గుడ్డ మార్పించి ఇచ్చాం. పిల్లి ఉండిపోయింది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. గల్ఫులో మన సంసారాలూ అంతేగా! నిజానికి లడ్డుదే ఈ నేల. పెంపుడు పిల్లికి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియాల అడవిపిల్లి. సైప్రస్‌లో మనిషి పక్కన పిల్లిని పూడ్చిన 9,500 ఏళ్ళ నాటి సమాధి సంగతి 2004లో లోకానికి తెలిసింది. అంత పాత స్నేహం.

బయట నలభై అయిదు డిగ్రీల ఎండ కాసే రోజుల్లో మా అమ్మాయికీ గడప దాటే దారి లేదు. చెట్టు కింద కూర్చుని బొమ్మలు వేసుకుంటుంది. పై అర మీంచి లడ్డు గోరువంకలను చూస్తూ ఉంటుంది. అవి మన వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవే.

మీ ఇంట్లోనూ పిల్లి ఉంటే ఒక చెట్టు వెయ్యండి. అడుగున బరువు మాత్రం మరిచిపోకండి.