ఒక్క బెర్తు - ఇద్దరు ప్రయాణికులు

పూర్వము రైల్వే రిజర్వేషను కచేరీలో ఒక పెద్ద పుస్తకముండెడిది. ఏ తేదీన ఏ బండిలో ఏ బెర్తు ఎవరికి చెందినదో గుమాస్తా దానిలో సిరాతో వ్రాసెడివాడు. ఆ పుస్తకము ఒకని చేతిలో నున్నంతవరకు రెండవవానికి అందదు; కావున ఒకే బెర్తును ఇద్దరికి వ్రాయుట అరుదు. పుస్తకమే తాళమన్నమాట! కాని ఒకే పుస్తకము అన్ని ఊళ్లలో నుండజాలదు గనుక బెర్తులను ఊరూరికి వాటాలు వేయవలసివచ్చెను. ఒక స్టేషను వాటా ఖాళీగా మిగులుచుండగా మరియొక స్టేషనులో జనులు టిక్కెట్టు దొరకక వెనుదిరుగుట ఆ పద్ధతి ఫలితము.

కంప్యూటరు వచ్చి ఆ పుస్తకమును ఎల్లర యెదుట ఒకేసారి తెరచిపెట్టెను. అమెరికను ఎయిర్ లైన్సు, ఐ.బి.ఎం. సంస్థలు కలిసి నిర్మించిన సేబర్ యంత్రాంగము 1960 దశకములోనే విమానపు సీట్లను ఇట్లు పంచినది. మన రైల్వేలలో ఈ పని 1980 దశకపు నడుమ ఢిల్లీలో ఆరంభమయ్యెను. దూరదూరపు కేంద్రములను ఒండొంటితో కలుపు 'కాన్సర్ట్' అను ఏర్పాటు 1994లో సికింద్రాబాదున మొదలైనది.

సౌకర్యము వెంట చిక్కు వచ్చినది. విజయవాడ గుమాస్తా తెరపై ఒక్క బెర్తు ఖాళీ. అదే నిమేషమున చెన్నై గుమాస్తా తెరపైనను అదే బెర్తు ఖాళీ. ఇరువురు చూచినదియు సత్యమే. ఇరువురును మీట నొక్కిరి. యంత్రము మొదట ఒక పేరు వ్రాసి, దానిపై రెండవ పేరు వ్రాసినచో, మొదటివాడు టిక్కెట్టు చేతబట్టుకొని బండి యెక్కి, తన చోట మరియొకడు పండుకొనియుండుట చూచును. బ్యాంకులోనైనచో ఇది ఇంకను దారుణము. 1000 రూపాయల నిల్వను ఇద్దరు గుమాస్తాలు చదివిరి. ఒకడు 500 జమకట్టి 1500 అని వ్రాసెను. వేరొకడు 200 చెల్లించి, తాను చదివిన వేయిలోనుండి తీసివేసి, 800 అని వ్రాసెను. ఉండవలసినది 1300. ఏ దొంగయు ముట్టకయే 500 రూపాయలు మాయమైనవి.

దీనికి శాస్త్రీయమైన మార్గమును 1976లో ఈశ్వరన్, గ్రే, లోరీ, ట్రేగర్ అను నలుగురు ఐ.బి.ఎం. పరిశోధకులు ప్రకటించిరి. ముట్టదలచిన ప్రతి పద్దుకును ముందు తాళము వేయవలెను. ఒక్క తాళము విడిచిన పిదప కొత్త తాళము వేయరాదు. ఇంతే నియమము. దీనిని పాటించినచో ఎందరు ఏకకాలమున పనిచేసినను, ఫలితము ఒకరి తరువాత నొకరు చేసినట్లే యుండును. వీరిలో జిమ్ గ్రే 1998వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము నందెను. 2007 జనవరిలో ఒంటరిగా పడవపై సముద్రములోనికి వెళ్లి తిరిగిరాలేదు.

తాళములకును దోషము కలదు. రాముడు మొదటి ఖాతాకు తాళము వేసి రెండవదానికై, కృష్ణుడు రెండవదానికి వేసి మొదటిదానికై నిరీక్షించినచో ఇద్దరును ప్రళయము వరకు అట్లే నిలిచియుందురు. అప్పుడు యంత్రము నిర్దాక్షిణ్యముగా ఒకని పనిని రద్దుచేసి మొదటినుండి చేయించును.

1981లో కుంగ్, రాబిన్సన్ అనువారు తాళమే వలదనిరి. పని సాగించి, చివర వ్రాయబోవునప్పుడు మాత్రము 'నేను చదివినది మారలేదు గదా' యని సరిచూచుకొనవలెను. మారినచో మరల చేయవలెను. దీనికి వారు ఆశావాదమని పేరు పెట్టిరి. పేరు ముచ్చటగనే యున్నది! ఒకే పద్దుపై ఇద్దరు పడుట అరుదైన చోట ఇది మేలు. తత్కాల్ టిక్కెట్ల వేళ కొద్ది బెర్తులపై వేలమంది విరుచుకుపడు చోట మాత్రము చేసినదే చేయుచు కాలము వ్యర్థమగును. అచ్చట తాళమే ఉచితమని నా తలపు.

అయితే ఆ తాళము రెప్పపాటుకు మించి యుండరాదు. బెర్తుకు తాళము వేసి గుమాస్తా కాఫీకి లేచిపోయినచో వెనుకనున్న వరుస యంతయు నిలిచిపోవును. అందుచేతనే తెరపై ఖాళీల సంఖ్యను తాళము లేకయే చూపుదురు. ప్రయాణికుడు పేర్లు నింపి సొమ్ము చెల్లించులోపల ఆ సంఖ్య మారిపోవచ్చును.