తూకానికి వేసే ముందు ఒక్కసారి



పండగ ముందు ఇల్లు దులుపుతుంటే మనకి మొదట అడ్డొచ్చేవి పుస్తకాలు. అటక మీది కట్ట దించుతాం, పాత పేపర్లతన్ని కేకేస్తాం, తూకానికి వేసేస్తాం. ఆ డబ్బు పోపుల డబ్బాలో చేరుతుంది. మరి ఆ పుస్తకాలు ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా?

చదవడానికి పనికొచ్చేవి వేరుచేసి పాత పుస్తకాల వాళ్లకి అమ్ముతారు. మిగిలినవి పొట్లాలకో, కాగితం మిల్లుకో పోతాయి. విజయవాడ లెనిన్ సెంటరు కొట్లలోనూ, హైదరాబాదులో ఆదివారంనాడు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ మీదా కనిపించే వాటిలో ఇలా మన ఇళ్లనుంచి వెళ్లినవి ఎన్నో!

ఆరుబయట వ్యాపారం గనక వీళ్లకి ఎండావానా ఒక బాధ, చోటు నిలవకపోవడం ఇంకో బాధ. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడిపోయింది. ఢిల్లీ దరియాగంజ్ ఆదివారపు బజారుని 2019లో ఫుట్‌పాత్ మీంచి మహిళా హాట్ ఆవరణలోకి మార్చారు. పారిస్‌లో సీన్ నది గట్టున పచ్చ పెట్టెల్లో పుస్తకాలు అమ్మేవాళ్లని 2024 ఒలింపిక్స్ ప్రారంభోత్సవం కోసం కదిలించాలనుకున్నారు. వాళ్లు ఒప్పుకోలేదు. చివరికి ఆ ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది.

ఇక కొనేటప్పుడు సంగతి. పిల్లల పాఠ్యపుస్తకమైతే ముందు ముద్రించిన సంవత్సరం చూడండి. సిలబస్ మారితే సగం ధరకి వచ్చినా దండగే. నడుమ పేజీలు ఊడాయేమో తిరగెయ్యండి. మరీ కొత్తగా మెరుస్తూ, మరీ చవగ్గా ఉంటే దొంగ ముద్రణేమో అనుమానించండి. ఇంటికి తెచ్చాక దుమ్ము దులిపి, కాసేపు ఆరనిచ్చి, అప్పుడు బీరువాలో పెట్టండి. లేకపోతే దాని పురుగు మిగతా వాటికీ పడుతుంది. బేరం ఆడండి, తప్పులేదు. కాని కూరగాయల్లా కాదు, అతని దగ్గర ఆ పుస్తకం రేపటికి వాడిపోదు!

ఇదంతా నాకెలా తెలిసిందంటే, ఒక పొరపాటువల్ల. మా పుట్టిల్లు పెదకూరపాడు. నాన్నగారు పోయాక ఆ ఇల్లు సర్దింది నేనే. గోనెసంచెడు పుస్తకాలు చూడకుండా తూకానికి వేశాను. ఆర్నెల్ల తర్వాత చెల్లెలికి సంబంధం వచ్చింది, జాతకం అడిగారు. పుట్టిన వేళ ఎక్కడుంది? నాన్నగారు పెద్దబాలశిక్ష చివరి అట్ట లోపల మా అందరి పుట్టుకలూ తిథి, వారం, నక్షత్రాలతో సహా రాసి ఉంచారు. అది నా చేతులమీదుగానే పోయింది.

గుంటూరు వెళ్లి రైలు మారి విజయవాడ పోయి, కొట్టు కొట్టూ వెతికాను. "ఈపాటికి ఏ పొట్లమో అయిపోయుంటుందమ్మా" అన్నాడొకాయన. అంటూనే ఇంకో మూడు కట్టలు విప్పి చూపించాడు. దొరకలేదు. పెళ్లి పేరుబలం చూసి జరిపించారనుకోండి. కాని చెల్లెలు ఇప్పటికీ, "నేనెప్పుడు పుట్టానే అక్కా?" అంటుంది. నవ్వుతూనే అంటుంది. నాకు మాత్రం గుచ్చుకుంటుంది.

అందుకని చెబుతున్నాను. పాత పుస్తకాలు అమ్మండి, ఇంకొకరు చదువుకుంటారు. కాని సంచిలో వేసే ముందు ముందట్టా, వెనకట్టా ఒక్కసారి తెరిచి చూడండి. అచ్చయింది మళ్లీ దొరుకుతుంది. చేత్తో రాసింది దొరకదు.

సెలవు.