బావగారి గ్యారేజిలో ఎంజీ

మా అక్కయ్యా బావగారూ ఇంగ్లండులో స్థిరపడి ముప్ఫై ఏళ్ళు దాటింది. 2023 జూన్‌లో సెలవు పెట్టి చూడ్డానికి వెళ్ళాను. కాఫీ అయినా తాగనివ్వకుండా బావగారు నన్ను గ్యారేజిలోకి తీసుకుపోయారు. అక్కడ చక్రాలు ఊడదీసి, స్టాండ్ల మీద ఎత్తిపెట్టిన 1972 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్ కారు! "అదేరా నా సవతి" అంది అక్కయ్య వెనకనుంచి.

అబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా ఈ ఎంజీబీలు అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఇద్దరు కూర్చునే కారు. పైకప్పు గుడ్డది, కావాలంటే మడిచెయ్యొచ్చు. బానెట్ ఎత్తి చూస్తే నాకు పాత చుట్టం కనిపించినట్లయింది. మనం దశాబ్దాలపాటు ఎక్కి తిరిగిన అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ పెట్రోలు ఇంజనూ, దీనిలోని 1798 సీసీ ఇంజనూ ఒకే కుటుంబానివి. రెండూ 'బి సీరీస్' బిడ్డలే.

బావగారు కొన్నప్పుడు కారు అద్దంలా మెరిసిందట. ఇంటికి తెచ్చి, తలుపు కింద సిల్ అనే భాగాన్ని స్క్రూడ్రైవరుతో పొడిస్తే అది లోపలికి దిగిపోయింది. ఎవరో పాత తుప్పు మీద కొత్త రేకు అతికించి, లప్పం పట్టించి రంగు వేశారు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, మొండి బాకీకి మళ్ళీ అప్పిచ్చి ఖాతా సవ్యంగా ఉందని చూపించడమే!

ఇది అందానికి సంబంధించిన సంగతి కాదు. ఈ కారుకి వేరే ఛాసిస్ లేదు, పైకప్పు బలమూ లేదు. ఇంటికి దూలాల్లాగా రెండు పక్కలా ఉన్న ఈ సిల్‌లే నడుమును నిలబెడతాయి. అవి తుప్పుపడితే కారు మధ్యలో కుంగుతుంది. అలాగని తొందరపడి కోసేస్తే ఇంకా ప్రమాదం. ముందు కారును సమమట్టంగా నిలిపి, తలుపుకి ముందూ వెనకా ఉన్న స్తంభాల మధ్య ఇనుప కమ్మీ అతికించాలి. ఒక పక్క పూర్తయ్యేదాకా రెండో పక్క ముట్టుకోకూడదు. ప్రతి దశలోనూ తలుపు బిగించి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూడాలి. సందు తేడా ఉండగా వెల్డింగ్ పూర్తిచేస్తే ఆ వంకర జన్మలో పోదు. బావగారు ఎడమ పక్కను రెండుసార్లు విప్పి మళ్ళీ చేశారు.

పక్కింటి ఇంగ్లీషు పెద్దాయనకు ప్రతి నట్టూ పుట్టినప్పటిలాగే ఉండాలి. బావగారు అంత పట్టుదల మనిషి కారు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టారు. సీసం కలిపిన పెట్రోలు అమ్మకం అక్కడ 2000 నుంచి నిషేధం కనుక గట్టి వాల్వు సీట్లు వేయించారు. ఫోర్డ్ సియెర్రా అయిదు గేర్ల పెట్టె అమర్చుకునేవాళ్ళు చాలామందే ఉన్నారట. దానికి మాత్రం ఆయన మనసొప్పలేదు. నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 నుంచి అక్కడ ఏటేటా తనిఖీ తప్పనిసరి కాదు. అయినా బావగారు చేయిస్తానన్నారు. ఈ మాట నాకు నచ్చింది.

ఒక రాత్రి ఆయన ఖర్చుల పుస్తకం నా చేతిలో పెట్టి ఆడిట్ చెయ్యమన్నారు. చేశాను. పెట్టిన డబ్బు కారు ధరను ఎప్పుడో దాటింది. ఆయన గంటలకు కూలి కడితే ఇక చెప్పనక్కర్లేదు. "ఈ ప్రాజెక్టుకి నేనైతే అప్పివ్వను బావగారూ" అన్నాను. ఆయన నవ్వి, ఆ పేజీలోనే మర్నాటికి కావలసిన వెల్డింగ్ తీగ రాసుకున్నారు.

నేను బయల్దేరే ముందురోజు కమ్మీ కోసేశారు. ఊపిరి బిగబట్టి తలుపు వేశారు. ఎక్కడా రాసుకోకుండా ఒకే ఒక్క చప్పుడుతో పడింది. మళ్ళీ తీసి వేశారు. మూడోసారికి వంటింట్లోంచి అక్కయ్య కేక: "ఏమిటండీ, మళ్ళీ ఏం విరిగింది?"